గ్వాంగ్‌జౌలో నర్సవ్వ పాస్‌పోర్టు

నర్సవ్వకు భయం వేస్తే నోరు కదలదు, వేళ్ళు కదులుతాయి. చున్నీ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని బీడీ చుట్టినట్టు చుడుతుంది, విప్పుతుంది, మళ్ళీ చుడుతుంది. మెట్‌పల్లి పక్క పల్లెలో పదేళ్ళప్పటి నుంచి బీడీలు చేసిన చేతులవి. దోహా పక్కన అల్ రయ్యాన్‌లో మా ఇంటికొచ్చి పదకొండేళ్ళయింది. ఆకు ముట్టుకుని కూడా అంతకాలమే అయింది. వేళ్ళు మాత్రం ఆ విద్య వదల్లేదు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, చున్నీ చుట్టడం మొదలవుతుంది.

మా ఇల్లు అన్నాను గానీ ఇల్లు మామాది. ఇక్కడ ఇంటి పెద్దావిడను మామా అంటారు. మన దగ్గర మామ అంటే మీసాలుండాలి. ఈవిడకూ కొన్ని ఉన్నాయి, ఆ మాట ఆవిడ ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, కాళ్ళు పడిపోయి ఐదేళ్ళు. ఆవిడ చక్రాల కుర్చీ తోసేది, ఒళ్ళు తుడిచేది, మందులు మింగించేది నర్సవ్వ. వంట నాది. బోధన్ మాబున్నీసా చేతి కూడు తిన్నాక మామా ఇంకొకరి చేతిది ముట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

నర్సవ్వ పెనిమిటి హన్మాండ్లు ఇదే దేశంలో, బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఉంటాడు. గోదాములో సామాన్లు ఎక్కించే డ్యూటీ. మొగుడూ పెళ్ళాం ఒక్క దేశంలో ఉన్నారన్న పేరే గానీ, శుక్రవారం నాడు మా గేటు ఎదురుగా ఉన్న బకాలా కొట్టు అరుగు మీద గంటసేపు కూర్చుని చెరో కప్పు కరక్ చాయ్ తాగడం, అదే వాళ్ళ సంసారం. ఆయన చెబుతాడు, ఈమె వింటుంది. లేచేటప్పుడు ఈమె చేతిలోంచి ఆయన చేతిలోకి టిఫిన్ డబ్బా మారుతుంది. కరోనా రోజులు తప్ప ఒక్క శుక్రవారం పోనివ్వలేదు వాళ్ళు.

అలాంటి నర్సవ్వ చైనా పోవాల్సి వచ్చింది.

మామా తాత ముత్యాల వ్యాపారి. చైనాలో గ్వాంగ్‌జౌ అనే ఓడరేవు ఉందనీ, ప్రవక్తతో కలిసి తిరిగిన పెద్దాయన ఒకరు అక్కడ పడుకుని ఉన్నారని ఆ ఊరివాళ్ళ నమ్మకమనీ, వెనకటి కాలంలో అరబ్బు ఓడలకు దీపం చూపించిన మీనారు మసీదు పక్కనే ఇంకా నిలబడి ఉందనీ చెప్పేవాడట. కళ్ళు మూసేలోపు ఆ రెండూ చూడాలని మామా పట్టుబట్టింది. పెద్ద కొడుకు జాసిమ్‌కు కొత్త ఇంటి టైల్స్ కొనే పని ఆ పక్క ఊళ్ళోనే పడింది. ఇంకేం, కుర్చీ తోయడానికి నర్సవ్వ, తిండికి నేను.

పోయే ముందు శుక్రవారం హన్మాండ్లు వచ్చి, ఊళ్ళో ఉన్న తల్లికి ఫోను కలిపి కోడలి చేతికిచ్చాడు. ముసలమ్మ గొంతు కొట్టు లోపలిదాకా వినబడింది.

"దుబాయ్‌ల చైనా యాడిదే? ఒక ఇంట్ల పనికని తోలుకపోయి ఇంకో దేశంల అమ్ముతున్నరా ఏంది నిన్ను?"

"దుబాయ్ కాదత్తా. చైనా వేరే. ఐదు దినాలల్ల వస్త."

"వస్తవో రావో. ఫోటువ పంపు, బతికున్నవని ఎరుకైతది."

నర్సవ్వ వేళ్ళు అప్పుడే మొదలయ్యాయి. హన్మాండ్లు ఫోను తీసుకుని, "పాస్‌పోర్ట్ పైలం. అది పోతె మనిషి పోయినట్టే" అన్నాడు.

"నా పాస్‌పోర్ట్ నా దగ్గరెన్నడున్నది, పైలం జేసుటానికి?" అంది నర్సవ్వ.

ఆ మాట నిజం. పనిమనిషి పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలని చట్టం ఉందంటారు. చట్టం వేరు, బీరువా వేరు. మేం గడప దాటగానే ఒక చెయ్యి ముందుకు వస్తుంది. మనం ఇస్తాం, బీరువాలో పడుతుంది, తాళం తిరుగుతుంది. సెలవుకు ఊరెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో మళ్ళీ కనబడుతుంది. తిట్టీ కొట్టీ లాక్కోరు. అడగను కూడా అడగరు. చెయ్యి చాస్తారు, అంతే.

నా మొదటి ఇంట్లో, ఇది కాదు, వేరే ఇంట్లో, నేనిలాగే ఇచ్చాను. ఎండాకాలం మేడమ్ లండన్ పోయింది, తాళంచెవి ఆవిడ సంచీలో పోయింది. మూడో రోజున బోధన్‌లో మా అమ్మ పోయిందని ఫోను. నేను ఆ బీరువా ముందు కూర్చుని ఎంత ఏడ్చానో ఆ బీరువాకే తెలుసు. మేడమ్ తిరిగొచ్చి తాళం తీశాక, తొమ్మిదో రోజుకు ఊరు చేరాను. మట్టి కూడా ఆరిపోయింది. అందుకే విమానం ఎక్కే ముందు నర్సవ్వకు నూటొక్కసారి చెప్పాను. "నా వెనకే ఉండు. నేను చేసినట్టు చెయ్యి. నేనున్నాను."

దోహా విమానాశ్రయంలో ఎవరి పాస్‌పోర్టు వాళ్ళకిచ్చాడు జాసిమ్, కౌంటర్‌లో ఎవరి ముఖం వాళ్ళే చూపించాలి గనక. నర్సవ్వ దాన్ని రెండు చేతుల్తో గుండెకు ఆనించుకుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఎనిమిది గంటల ప్రయాణంలో ఒక్కసారి కన్ను మూయలేదు. విమానం కుదిపినప్పుడల్లా చున్నీ లోపల తడుముకునేది.

"సీటు పట్టుకోవే," అన్నాను.

"సీటు పోతె ఏమైతది? ఇదుంటె సాలు," అంది.

గ్వాంగ్‌జౌ చేరి హోటల్లో దిగాం. కౌంటర్ వెనక నీలం కోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ చెయ్యి చాచింది. అందరి పాస్‌పోర్టులూ కంప్యూటర్‌లో ఎక్కించుకోవాలట. మామాది, జాసిమ్‌ది, నాది, నర్సవ్వది, నాలుగూ ఆ చేతిలో పడ్డాయి. నర్సవ్వ మామా కుర్చీ మలుపుకుని లిఫ్టు దగ్గరికి పోయింది. నన్ను ఆ అమ్మాయి పిలిచి మామాదీ నాదీ తిరిగిచ్చింది. నేను నాది జాకెట్టులో దోపుకున్నాను, మామాది ఆవిడ సంచీలో పెట్టాను, పైకెళ్ళాను. రైస్ కుక్కర్ విప్పి మామాకు కిచిడీ చేయాలి మరి.

ఆ సాయంత్రం మీనారు చూశాం. జాసిమ్ ఒక వ్యాను మాట్లాడాడు, డ్రైవరు ముప్పై ఏళ్ళవాడు. వాడికి చైనా భాష తప్ప ఏదీ రాదు. తన ఫోనులో ఏదో మాట్లాడతాడు, ఆ ఫోను మాకు ఆడగొంతుతో హిందీలో చెబుతుంది. మసీదు లోపలికి వేళ దాటిపోయింది, రోడ్డు మీదే కుర్చీ ఆపి తల పైకెత్తి చూశాం. నున్నగా, తెల్లగా, గుండ్రంగా ఆకాశంలోకి లేచిపోయింది. చెక్కడాలు లేవు, రంగు లేదు.

"గిదేంది, ఇటుకబట్టి పొగగొట్టం లెక్కున్నది," అంది నర్సవ్వ.

"నోరు ముయ్. దాని మీద దీపం పెడితే ఓడలు వచ్చేవి."

"ఓడలేవి మరి? నీళ్ళేవి?"

నేను డ్రైవరును అడిగాను. ఫోను చెప్పింది: అప్పుడు నది ఈ మీనారు కాళ్ళ దాకా ఉండేది, తర్వాత దూరం జరిగిపోయింది. నర్సవ్వ మీనారు కాళ్ళ వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది. వ్యాను ఎక్కేటప్పుడు, "నది గుడ జరిగిపోయే దేశమక్కా ఇది. మనమెంత?" అంది. చుట్టూ వేలమంది నడుస్తున్నారు, ఒక్క అక్షరం చదవరాదు, ఒక్క మాట తెలియదు. ఆమె ఫోనులో హన్మాండ్లు నంబరు ఎన్నిసార్లు నొక్కినా పోలేదు. మా సిమ్ములు అక్కడ పనిచేయవట, హోటల్ వైఫైలో వాట్సాప్ తెరుచుకోదట. ముసలమ్మ అడిగిన ఫోటో అలాగే ఆగిపోయింది.

మర్నాడు ఉదయం జాసిమ్ టైల్స్ కోసం ఫోషాన్ వెళ్ళిపోయాడు, చీకటి పడేలోపు వస్తానన్నాడు. మేం ముగ్గురం డ్రైవరుతో ఆ పెద్దాయన సమాధికి వెళ్ళాం. గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద పుస్తకం, పుస్తకం వెనక నీలం చొక్కా కాపలావాడు. డ్రైవరు ఫోను మాట్లాడింది: "పాస్‌పోర్ట్ దిఖాయియే."

నేను మామాదీ నాదీ తీసిచ్చాను. నర్సవ్వ చున్నీ లోపల చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. సంచీ విప్పింది, మామా మందుల డబ్బా విప్పింది, కుర్చీ వెనక జేబు తడిమింది. 

"మాబక్కా. లేదు."

"సరిగ్గా చూడు."

"లేదక్కా. హోటల్ల పిల్లకిచ్చిన. తీసుకోలే."

"తీసుకోలేదా? ఇచ్చి తీసుకోకుండా ఎట్ల పోతివే, పిచ్చిదానా!"

"ఎన్నడన్న తీసుకున్ననా నేను?" అంది నర్సవ్వ. "ఇచ్చుడే నాకెరుక."

 పదకొండేళ్ళుగా ఇచ్చి వెనక్కి తిరిగి పోవడం తప్ప, ఇచ్చి నిలబడటం ఆమెకు ఎవరు నేర్పారు?

కాపలావాడు ఆమె వైపు వేలు చూపించి ఏదో అడిగాడు. ఫోను చెప్పింది: "ఈమె కాగితం ఎక్కడ?" డ్రైవరు ఏదో చెప్పాడు. కాపలావాడు తన ఫోను తీసి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. పోలీసునే పిలుస్తున్నాడని నర్సవ్వకు రూఢి అయింది. ఆమె కుర్చీని ముందుకూ వెనక్కీ లాగుతుంటే మామా తల కూడా అటూ ఇటూ ఊగింది. పరాయి దేశంలో కాగితం లేని మనిషిని ఏం చేస్తారో నేను విన్నవన్నీ గుర్తుకొచ్చాయి. ఒక్కటీ బయటికి చెప్పలేదు.

మామాకు మాత్రం ఇదేమీ పట్టలేదు. తాత చెప్పిన సమాధి గేటు ముందు నిలబెట్టేశారని, ఒళ్ళో ఎప్పుడూ ఉండే చేతికర్రతో బల్లను ఠప్పుమని కొట్టి అరబ్బీలో అందుకుంది. కాపలావాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ముసలి తిట్టు ఏ భాషలోనైనా తిట్టే. వాడు ఫోను జేబులో పెట్టి, మా ఇద్దరి పేర్లు రాసుకుని, నర్సవ్వ ముఖం ఒకసారి తేరిపార చూసి, పొమ్మని చెయ్యూపాడు. లోపలికి వెళ్ళినంతసేపూ ఆ చూపు మా వీపుల మీదే ఉంది.

చెట్ల మధ్య చిన్న గది. గుండ్రటి కప్పు, లోపల చల్లగా, మసకగా ఉంది. అక్కడ ఒక వింత ఉంది. ఎంత మెల్లగా మాట్లాడినా గోడలు పట్టుకుని రెండింతలు చేసి తిరిగిస్తాయి. మామా చేతులెత్తి దువా చదివింది. ఆవిడ ముసలి గొంతు పదిమంది చదివినట్టు తిరిగొచ్చింది. నర్సవ్వ తలుపు దగ్గర కూర్చుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఎక్కిళ్ళు కూడా తిరిగొచ్చాయి. తన ఏడుపే ఇంకెవరో ఏడ్చినట్టు వినబడి ఆమె ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

నేను ఆమె పక్కన కూలబడ్డాను. గుండెలో రాయి ఉంది. అది తీయకపోతే నేను ఆ గదిలోంచి లేవలేను.

"నర్సవ్వా, నేను చూసిన," అన్నాను చెవిలో.

"ఏం జూసినవ్?"

"నీ పాస్‌పోర్టు. కౌంటర్ మీద ఉండగా చూసిన. నాది తీసుకున్న, మామాది తీసుకున్న. నీది అక్కడే ఉంది, జాసిమ్ దాని పక్కనే."

"మరెందుకు తేలే?"

"జాసిమ్ తీసుకుంటాడనుకున్న. అది ఉండాల్సిన చోటే ఉందనుకున్న."

చెవిలో చెప్పిన మాట గోడలెక్కి దిగింది. ఉండాల్సిన చోటే, ఉండాల్సిన చోటే. నా గొంతు విని నాకే భయం వేసింది. మా అమ్మ మట్టి చూడనివ్వని బీరువాను తిట్టుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఆ బీరువా నా తలలోనే ఉందని అప్పుడు తెలిసింది.

 నర్సవ్వ తిట్టి ఉంటే బాగుండేది. లేచి, కళ్ళు తుడుచుకుని, కుర్చీ పట్టుకుంది.

మామా దువా ఆపి మావైపే చూస్తోంది. పాస్‌పోర్టు అన్న మాట ఆవిడకూ తెలుసు. "ఏమైంది?" అని అడిగింది అరబ్బీలో. చెప్పాను. "జాసిమ్‌కు ఫోను చెయ్యండి," అని రోమింగ్ ఉన్న తన ఫోనిచ్చింది. స్విచ్ఛాఫ్.

హోటల్‌కు తిరిగొచ్చాం. కౌంటర్‌లో నిన్నటి అమ్మాయి లేదు, ఈ రోజు సెలవట. వేరే అమ్మాయి సొరుగులన్నీ లాగింది, కింద వంగి చూసింది, కంప్యూటర్‌లో నర్సవ్వ ఫోటో చూపించింది. ఫోటో ఉంది, పుస్తకం లేదు. చివరికి నిన్నటి అమ్మాయికి ఫోను చేసింది. డ్రైవరు ఫోను మాకు చెప్పింది: "ఒక మగమనిషికి ఇచ్చేసింది."

"ఏ మగమనిషి?" అన్నాను.

ఫోను మళ్ళీ అదే చెప్పింది. మగమనిషి.

నిన్న ఆ కౌంటర్ ముందు ఇరవై మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. జాసిమ్ కావచ్చు, కాకపోవచ్చు. నర్సవ్వ లాబీలో సోఫా అంచు మీద కూర్చుని అద్దాల తలుపు వైపే చూసింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ప్రతి మగమనిషి లోపలికి వచ్చినప్పుడూ సగం లేచేది, మళ్ళీ కూర్చునేది. చున్నీ అంచు చుట్టి చుట్టి పోగులు తేలింది.

"శుక్రారం ఆయినొచ్చి అరుగు మీద కూసుంటడు," అంది ఒకసారి. "ఎవ్వలు జెప్తరక్కా ఆయినకు, నేను రాలేనని?"

"నేను చెప్పను. నువ్వే వస్తావు."

"నువ్వు పోతవు గద. నీ పాస్‌పోర్ట్ నీ జాకెట్ల ఉండె."

ఆ మాట పాస్‌పోర్టు ఉన్నచోటే గుచ్చుకుంది. నేను లేచి నీళ్ళు తెచ్చిపెట్టాను. తాగలేదు.

ఎండ పడమటికి వాలాక జాసిమ్ వచ్చాడు, చంకలో టైల్స్ నమూనాలతో. ఫోను చార్జింగ్ అయిపోయిందట. మామా అడిగింది. వాడు నవ్వి చేతిసంచీ జిప్పు లాగాడు. నీలం అట్ట పైకి కనబడింది. నర్సవ్వ నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు, నీళ్ళలోంచి తల పైకి తీసినవాళ్ళు ఊపిరి పీల్చినట్టు.

"మేరే పాస్ హై. మాఫీ ముష్కిల్," నా దగ్గరే ఉంది పర్లేదు, అని జిప్పు మళ్ళీ వేసేసుకున్నాడు. వాడి మనసులో చెడు లేదు. అది ఉండాల్సిన చోట ఉందని వాడూ అనుకున్నాడు.

పదకొండేళ్ళలో నర్సవ్వ జాసిమ్‌తో "హాజిర్", అంటే చిత్తం, అన్న ఒక్క మాటే మాట్లాడి ఉంటుంది. ఇప్పుడు లేచి వాడి ముందు నిలబడింది.  చెయ్యి చాచింది.

"సర్, మేరా జవాజ్. దేవ్," అంది. జవాజ్ అంటే వాళ్ళ అరబ్బీలో పాస్‌పోర్టు.

"నీ దగ్గర పోతుంది," అన్నాడు వాడు హిందీలో.

"పోతె పోనీ సార్. నా దగ్గర్నే పోనీ," అంది తెలుగులో. వాడికి అర్థం కాలేదు. చెయ్యి మాత్రం దించలేదు. లాబీలో అందరూ చూస్తున్నారు. వాడి ముఖం ఎర్రబడింది. పని పోయింది ఇద్దరిదీ అనుకున్నాను.

మామా చేతికర్ర నేలకు కొట్టింది. "ఇచ్చెయ్. పొద్దున్నుంచి దీని ముక్కు చీదుడు వినలేక చస్తున్నాను."

ఇచ్చాడు. నర్సవ్వ పేజీ తెరిచి తన ఫోటో చూసుకుంది. తనేనని తేల్చుకున్నాక కూర్చుంది.

మిగతా రోజులు గడిచాయి, తిరిగొచ్చాం. అల్ రయ్యాన్ ఇంటి గడపలో జాసిమ్ భార్య నిలబడి ఉంది. రండి రండి అంటూ చెయ్యి చాచింది, ఎప్పటిలాగే. ముందు నేనున్నాను. నా చెయ్యి నన్ను అడగనే లేదు. జాకెట్టులోంచి తీసి ఇచ్చేసింది. ఇచ్చాక తెలిసింది ఇచ్చానని. వెనక నర్సవ్వ ఆ చాచిన చేతికి వంగి సలాం చేసి, మామా కుర్చీ తోసుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి కొంచెంసేపు అలాగే ఉండి, దిగింది. సాయంత్రం దాకా నర్సవ్వ వంటింట్లో నాకు కనబడుతూనే ఉంది, ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతూ. ఎవరూ పిలిచి అడగలేదు. రేపు అడగరని లేదు.

శుక్రవారం హన్మాండ్లు వచ్చాడు. నేను గేటు లోపల నిలబడి చూశాను. నర్సవ్వ పాస్‌పోర్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి, చైనా ముద్ర ఉన్న పేజీ ఎండకు పెట్టి చూశాడు.

"నీ ఫోటువ గిట్లున్నదేందే? దొంగ లెక్క!" అన్నాడు.

నర్సవ్వ నవ్వలేదు. చాయ్ కప్పు అరుగు మీద పెట్టి చెయ్యి చాచింది.

"సూసుడైందా? ఇటు దే."

"ఇస్త తీ. నేను గుంజుకపోతనా?"

"ఇటు దే."

ఆయన ఇచ్చేదాకా ఆ చెయ్యి కదల్లేదు. చున్నీ అంచు ఆమె ఒళ్ళో ఊరికే పడి ఉంది.

నేను లోపలికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటే ముప్పై ఏళ్ళ కిందటి బీరువా ముందుకు నడుస్తున్నట్టే ఉంది. తలుపు దగ్గర చెమట తుడుచుకున్నాను. జాసిమ్ భార్య గది తలుపు కొట్టాను. ఆమె తెరిచి ఏమిటన్నట్టు చూసింది.  చెయ్యి చాచాను.